బ్రిటన్ రైలు ప్రయాణం: టికెట్లు, ఆలస్యాలు, జరిమానాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రిటన్‌లో రైలెక్కే తెలుగువాళ్లకు రెండు అలవాట్లు చేటు తెస్తాయి. ఒకటి, రైలు ఆలస్యమైతే తిట్టుకుని ఊరుకోవడం. రెండోది, టికెట్‌లో ఏదైనా తేడా ఉంటే రైల్లో టీసీతో మాట్లాడి సర్దుకోవచ్చులే అనుకోవడం. ఇక్కడ మొదటిదానికి డబ్బులొస్తాయి, రెండోదానికి కోర్టు నోటీసు రావచ్చు. కింది జవాబులు ముఖ్యంగా ఇంగ్లండ్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినవి.

ఒకే రైల్లో పక్క సీటాయన నాకంటే మూడో వంతు ధరకే ఎలా వచ్చాడు?

ఆయన అడ్వాన్స్ టికెట్ కొని ఉంటాడు, మీరు ఎనీటైమ్ కొని ఉంటారు. ఎనీటైమ్ టికెట్‌తో ఏ వేళలోనైనా ఎక్కొచ్చు, అందుకే దాని ధర చుక్కల్లో ఉంటుంది. ఆఫ్-పీక్ టికెట్ రద్దీ వేళల్లో చెల్లదు. సూపర్ ఆఫ్-పీక్‌కు వేళలు ఇంకా తక్కువ. అడ్వాన్స్ అయితే అందులో రాసిన ఒక్క రైలుకే. ఇవి సాధారణంగా ప్రయాణానికి 12 వారాల ముందు నుంచి అమ్మకానికి వస్తాయి, చవక ధరవి కొన్నే ఉంటాయి, అవి అయిపోతే తర్వాతి మెట్టు ధర మొదలవుతుంది.

తిప్పలన్నీ ఆఫ్-పీక్‌తోనే. రద్దీ వేళ ఎప్పుడన్నది ఒక్కో మార్గానికి ఒక్కోలా ఉంటుంది. చాలా ఊళ్లలో ఉదయం 9:30కు ఆఫ్-పీక్ మొదలవుతుంది కదా అని, లండన్ నుంచి సాయంత్రం అయిదున్నర రైలెక్కితే కొన్ని మార్గాల్లో అదే టికెట్ చెల్లదు. టికెట్ మీద రెండక్షరాల నిబంధన కోడ్ ఉంటుంది. నేషనల్ రైల్ వెబ్‌సైట్‌లో ఆ కోడ్ కొడితే ఏ రైళ్లు కుదరవో వస్తుంది. కొనే ముందు చూసుకోవాల్సింది అదొక్కటే, ఎవరూ చూడనిదీ అదే.

ఇంకో మాట: మామూలు టికెట్ ధర ఎక్కడ కొన్నా ఒకటే. కొన్ని యాప్‌లు దాని మీద బుకింగ్ రుసుము వేస్తాయి. ఏ రైలు కంపెనీ సొంత వెబ్‌సైట్‌లోనైనా మిగతా కంపెనీల టికెట్లు కూడా ఆ రుసుము లేకుండా దొరుకుతాయి.

రెండు టికెట్లుగా విడగొట్టి కొంటే చవకట కదా, అది తప్పు కాదా?

తప్పు కాదు. రైలు ప్రయాణ నిబంధనల్లోనే అనుమతి ఉంది. లీడ్స్ నుంచి లండన్‌కు ఒక టికెట్ బదులు లీడ్స్–పీటర్‌బరో, పీటర్‌బరో–లండన్ అని రెండు కొని అదే సీట్లో కూర్చుని రావచ్చు. మీరు దిగి ఎక్కక్కర్లేదు గానీ, ఆ రైలు పీటర్‌బరోలో ఆగాలి. ఆగకుండా దూసుకుపోయే రైలెక్కితే మీ దగ్గర చెల్లే టికెట్ లేనట్టే లెక్క. ఆలస్యమైనప్పుడు రెండు టికెట్లనూ కలిపి ఒకే ప్రయాణంగా చూడాలి కాబట్టి, పరిహారం అడిగేటప్పుడు రెండూ జతచేయండి.

అడ్వాన్స్ టికెట్‌తో మధ్య స్టేషన్‌లో దిగిపోవచ్చా?

దిగకూడదు. వినడానికి విడ్డూరంగా ఉంటుంది, పూర్తి దూరానికి డబ్బు కట్టి సగంలో దిగితే రైలువాళ్లకు లాభమే కదా అని. కానీ దూరపు ఊరికి పోటీ వల్ల చవక టికెట్ ఉంటుంది, మధ్య ఊరికి ఖరీదైనది ఉంటుంది. ఆ సందు మూయడానికే ఈ నిబంధన. గేటు తెరుచుకోదు, అక్కడున్న సిబ్బంది తేడా డబ్బు అడగొచ్చు. ఎనీటైమ్, ఆఫ్-పీక్ టికెట్లకు చాలావరకు ఈ బాధ లేదు.

ఎమ్మెస్ చదువుతున్నాను, వయసు 27. 16–25 రైల్‌కార్డ్ ఇస్తారా?

ఇస్తారు. 26 దాటినా పూర్తికాల విద్యార్థి అయితే చాలు, యూనివర్సిటీ నుంచి ధ్రువీకరణ కావాలి. కార్డు 2025 మార్చి నుంచి ఏడాదికి 35 పౌండ్లు, తగ్గింపు చార్జీలో మూడో వంతు. మాంచెస్టర్ నుంచి లండన్‌కు రెండుసార్లు వెళ్లొస్తే కార్డు ఖరీదు తిరిగొచ్చేస్తుంది. చదువు అయిపోయి 30 లోపు ఉంటే 26–30 కార్డు ఉంది. భార్యాభర్తలు ఎప్పుడూ కలిసే తిరిగితే టూ టుగెదర్ కార్డు ఒక్కటి ఇద్దరికీ సరిపోతుంది, కాకపోతే పనిదినాల్లో పొద్దున 9:30కు ముందు అది పనికిరాదు, ఒక్కరే వెళ్తే అసలే పనికిరాదు.

16–25 కార్డుతో ఒక గుంట ఉంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 4:30 నుంచి 10 గంటల మధ్య కనీస చార్జీ 12 పౌండ్లు. జులై, ఆగస్టుల్లో ఇది వర్తించదు. మిగతా నెలల్లో 9 పౌండ్ల టికెట్‌ను 6కు తగ్గించి కొని పొద్దున్నే ఎక్కితే టికెట్ చెల్లదు. 2024లో ఇలాగే 1.90 పౌండ్ల తేడాకు ఒక యువకుడిని కోర్టుకు లాగబోయారు. పత్రికల్లో గోల అయ్యాక వెనక్కి తగ్గారు.

డిజిటల్ కార్డు ఫోన్‌లోని యాప్‌లోనే తెరిచి చూపాలి, స్క్రీన్‌షాట్ ఒప్పుకోరు. చార్జింగ్ అయిపోతే కార్డు లేనట్టే. ఈ-టికెట్‌నైతే కాగితం మీద ప్రింట్ తీసుకుని వెళ్లొచ్చు.

రైలు ఆలస్యమైతే ఎంత వస్తుంది, ఎలా అడగాలి?

దీని పేరు డిలే రీపే. మన దగ్గర రైలు 3 గంటలు దాటి ఆలస్యమైతే, అదీ ప్రయాణం మానుకుంటేనే డబ్బు తిరిగొస్తుంది. ఇక్కడ రైల్లో కూర్చుని హాయిగా ఊరు చేరినా వస్తుంది. కారణం ఎవరిదన్నది లెక్కలోకి రాదు. వర్షమైనా, సిగ్నల్ పాడైనా, పట్టాల మీదికి ఆవులొచ్చినా ఒకటే.

చాలా కంపెనీల లెక్క ఇలా ఉంటుంది. 15 నుంచి 29 నిమిషాల ఆలస్యానికి ఒకవైపు చార్జీలో పాతిక శాతం. 30 నుంచి 59 నిమిషాలకు సగం. గంట దాటితే ఒకవైపు చార్జీ మొత్తం. రిటర్న్ టికెట్ కొని, ఏదో ఒకవైపు 2 గంటలు దాటితే రెండువైపుల డబ్బూ. కొన్ని కంపెనీలు 30 నిమిషాల నుంచే మొదలుపెడతాయి. ప్రభుత్వ ఒప్పందం లేకుండా సొంతంగా రైళ్లు నడుపుకునే హల్ ట్రెయిన్స్, గ్రాండ్ సెంట్రల్, లూమో లాంటివాటికి వేరే పద్ధతులున్నాయి.

ఉదాహరణకు 64 పౌండ్ల రిటర్న్ టికెట్ తీసుకోండి. ఒకవైపు విలువ 32. వెళ్లేటప్పుడు 22 నిమిషాలు ఆలస్యమైతే 8 పౌండ్లు, 40 నిమిషాలకు 16, 75 నిమిషాలకు 32, 130 నిమిషాలకు 64. తిరుగు ప్రయాణంలోనూ ఆలస్యమైతే దానికి విడిగా అడగాలి.

అడిగే పద్ధతి: ఆలస్యానికి కారణమైన రైలు నడిపిన కంపెనీ వెబ్‌సైట్‌లో ఫారం ఉంటుంది. టికెట్ అమ్మిన యాప్‌కు దీంతో సంబంధం లేదు. ప్రయాణించిన తేదీ, ఎక్కాల్సిన రైలు వేళ, చేరిన వేళ, టికెట్ ఫోటో లేదా బుకింగ్ నంబరు ఇవ్వాలి. గడువు 28 రోజులు. కాగితం టికెట్ అయితే గేటు దాటే ముందే ఫోటో తీసుకోండి, గేటు మింగేసిన టికెట్ తిరిగి రాదు. వోచర్ తీసుకుంటారా అని అడిగితే వద్దని బ్యాంకు ఖాతాకే వేయించుకోండి.

ఎక్కువగా తిరస్కరించేది రెండు సందర్భాల్లో. తప్పు కంపెనీకి పంపినప్పుడు, లేదా మీరు ఎక్కాలనుకున్న రైలు కాకుండా నిజంగా ఎక్కిన రైలు వేళ రాసినప్పుడు. 8:05 రైలు రద్దయి 8:35 ఎక్కారనుకోండి. ఫారంలో 8:35 అని రాస్తే ఆ రైలు సమయానికే చేరిందని జవాబొస్తుంది. 8:05 అని రాయాలి. తిరస్కరించినా అక్కడితో వదలక్కర్లేదు, అదే వెబ్‌సైట్‌లో మళ్లీ చూడమని అడగొచ్చు.

అడగందే అమ్మైనా అన్నం పెట్టదు. కొన్ని కంపెనీలు తమ దగ్గర కొన్న అడ్వాన్స్ టికెట్లకు వాటంతటవే చెల్లిస్తాయి గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

మొదటి రైలు 9 నిమిషాలే ఆలస్యం, కానీ క్రూ స్టేషన్‌లో మారాల్సిన రెండోది తప్పిపోయింది. 15 నిమిషాలు కాలేదు కాబట్టి ఏమీ రాదా?

వస్తుంది. లెక్కించేది ఆఖరి స్టేషన్‌కు ఎంత ఆలస్యంగా చేరారన్నది. తర్వాతి రైలు గంటకు ఉంటే మీ ఆలస్యం 60 నిమిషాలు, ఒకవైపు చార్జీ మొత్తం వస్తుంది. డబ్బు ఇవ్వాల్సింది ఆ 9 నిమిషాల ఆలస్యం చేసిన కంపెనీ. రెండో రైలుకు అడ్వాన్స్ టికెట్ ఉన్నా కొత్తది కొనక్కర్లేదు, అదే కంపెనీ తర్వాతి రైలెక్కొచ్చు. ఎక్కే ముందు ప్లాట్‌ఫాం మీద సిబ్బందికి చెప్పి, వీలైతే టికెట్ మీద రాయించుకోండి.

ఒక షరతు ఉంది. రైలు మారడానికి ప్రతి స్టేషన్‌కు కనీస సమయం నిర్ణయించి ఉంటుంది, జర్నీ ప్లానర్ దాన్ని పాటించే దారి చూపిస్తుంది. మీరే సొంతంగా 2 నిమిషాల సందులో రైలు మారదామని ప్లాన్ వేసుకుంటే తప్పు మీదే. ప్లానర్ చూపిన ప్రయాణాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి.

రైలు రద్దయింది, ఇక వెళ్లదలచుకోలేదు.

పూర్తి డబ్బు, అడ్వాన్స్ టికెట్‌కైనా సరే, కోత లేకుండా. దీనికి మాత్రం టికెట్ ఎక్కడ కొన్నారో వాళ్లనే అడగాలి. ప్రయాణం చేస్తే డిలే రీపే, చేయకపోతే రిఫండ్. రెండూ ఒకేసారి రావు.

రాత్రి ఆఖరి రైలు రద్దయితే తెల్లవార్లూ స్టేషన్లో పడుకోవాల్సిందేనా?

అక్కర్లేదు. సాధ్యమైనంత వరకు వేరే వాహనం ఏర్పాటు చేయాలి, తప్పనిసరైతే రాత్రి బస చూపించాలి అని నిబంధన. ఏ రైలు కంపెనీ సిబ్బంది అక్కడుంటే వాళ్లే చేయాలి, మా రైలు కాదు అనడానికి వీల్లేదు. స్టేషన్‌లో ఎవరూ లేకపోతే ప్లాట్‌ఫాం మీదుండే హెల్ప్ పాయింట్ మీట నొక్కండి. సొంతంగా టాక్సీ ఎక్కి తర్వాత బిల్లు పంపితే ఇస్తారన్న హామీ లేదు. ముందు వాళ్లతో మాట్లాడండి, ఎన్ని గంటలకు, ఎవరితో అన్నది రాసుకోండి. రైల్లో గానీ స్టేషన్‌లో గానీ ఎవరైనా ఇబ్బంది పెడితే రైల్వే పోలీసులకు 61016కు మెసేజ్ పంపొచ్చు.

సమయం లేక టికెట్ లేకుండా ఎక్కేశాను. రైల్లో కొనొచ్చా?

ఎక్కిన స్టేషన్‌లో టికెట్ కౌంటరో, పనిచేసే మెషీనో ఉంటే కొనకూడదు. మన దగ్గర జనరల్ టికెట్‌తో ఎక్కి టీసీ దగ్గర డిఫరెన్స్ కట్టి బెర్తు రాయించుకోవడం మామూలే. ఇక్కడ ఆ ధీమా పెట్టుకోవద్దు.

సరైన టికెట్ లేకుండా దొరికితే వేసే పెనాల్టీ ఫేర్ ఇంగ్లండ్‌లో 2023 జనవరి 23 నుంచి 100 పౌండ్లు, పైన ఆ ప్రయాణపు సింగిల్ (ఒకవైపు) చార్జీ. 21 రోజుల్లో కడితే 50 పౌండ్లు, చార్జీ. అంతకుముందు 20 పౌండ్లు లేదా సింగిల్ చార్జీకి రెట్టింపు, ఏది ఎక్కువైతే అది ఉండేది. స్కాట్లండ్‌లో పెనాల్టీ ఫేర్ పద్ధతి లేదు. తప్పు మీది కాదనుకుంటే 21 రోజుల లోపు అప్పీలు చేయండి, వరసగా మూడు దశలున్నాయి.

అప్పీలు నిలిచేది ఆధారాలతో. మెషీన్ పనిచేయకపోతే దాని తెర, స్టేషన్ పేరు, వేళ కనిపించేలా ఫోటో తీయండి. మెషీన్ కార్డు తీసుకోకుండా నోట్లే తీసుకుంటుంటే, లేదా నోట్లు వద్దని కార్డే అడుగుతుంటే, అందులోనే "తర్వాత చెల్లిస్తాను" అన్న చీటీ వచ్చే మీట కొన్నిచోట్ల ఉంటుంది. ఆ చీటీ తీసుకుని ఎక్కి, దొరికిన మొదటి సిబ్బంది దగ్గర టికెట్ కొనండి. ఏ మార్గమూ లేని చిన్న స్టేషన్ అయితే రైల్లో కొనొచ్చు.

ఇంటికి ఉత్తరం వచ్చింది, కేసు పెడతామంటున్నారు. వీసాకు ప్రమాదమా?

పెనాల్టీ ఫేర్ నేరం కాదు, కట్టేస్తే అయిపోతుంది. కేసు వేరు. టికెట్ ఎగవేత మీద రెండు దారుల్లో వెళ్తారు. ఒకటి రైల్వే బైలా 18, ఇందులో మీ ఉద్దేశంతో పనిలేదు, సరైన టికెట్ లేకపోతే చాలు. రెండోది 1889 నాటి రైల్వే నియంత్రణ చట్టం అయిదో సెక్షన్, ఇది ఉద్దేశపూర్వక ఎగవేతకు. రెండింటికీ 1000 పౌండ్ల దాకా జరిమానా ఉంది. కోర్టులో శిక్ష పడితే అది శిక్షే, తర్వాత వీసా దరఖాస్తులో చెప్పాల్సిందే. దాచడం మూల నేరం కంటే పెద్ద చిక్కు.

అందుకని ఆ ఉత్తరాన్ని డ్రాయర్లో పడేయొద్దు. సాధారణంగా మొదటి ఉత్తరంలో మీ వాదన అడుగుతారు. నిజం, క్లుప్తంగా, గడువులోపు రాయండి. చార్జీ, ఖర్చులు కట్టి కోర్టు బయటే ముగించమని అడిగితే చాలా కంపెనీలు మొదటిసారి తప్పుకు ఒప్పుకుంటాయి. ఇల్లు మారితే పాత చిరునామాకు వచ్చిన ఉత్తరం మీకు తెలియకుండానే కేసు నడిచిపోతుంది. విద్యార్థులకు ఎక్కువగా జరిగేది ఇదే. పెద్ద కేసనిపిస్తే యూనివర్సిటీ విద్యార్థి సంఘం సలహా విభాగం దగ్గరికో, లాయరు దగ్గరికో వెళ్లండి.

కంపెనీలు కూడా తప్పులు చేశాయి. కాగితాల మీదే తీర్పిచ్చే వేగపు విధానంలో వేసిన సుమారు 74,000 కేసులు ఆ విధానంలో వేయకూడనివని 2024 ఆగస్టులో ఛీఫ్ మేజిస్ట్రేట్ తేల్చి, అవి చెల్లవన్నారు.

30 డిగ్రీలకే రైళ్లు నెమ్మదిస్తాయి, ఆకులు రాలినా ఆగిపోతాయి. రామగుండంలో 45లో నడవట్లేదా?

అందరూ నవ్వే ప్రశ్న ఇది, కానీ జవాబులో నవ్వులాట లేదు. పొడవుగా అతికించిన ఉక్కు పట్టా వేడికి సాగాలని చూస్తుంది, సాగడానికి చోటుండదు. అందుకే పట్టాలు బిగించేటప్పుడే ఆ ప్రాంతపు వాతావరణం చూసి, ఫలానా ఉష్ణోగ్రతలో ఒత్తిడి సున్నా ఉండేలా బిగిస్తారు. బ్రిటన్‌లో అది 27 డిగ్రీలు. మన దగ్గర ఇంకా ఎక్కువ పెట్టుకుంటారు. ఎండలో పట్టా గాలికంటే 20 డిగ్రీల దాకా ఎక్కువ వేడెక్కుతుంది. అంటే గాలి 30 ఉంటే పట్టా 50 దాకా. ఒత్తిడి పెరిగి పట్టా పక్కకు వంగే ప్రమాదముంది కాబట్టి వేగం తగ్గిస్తారు. మరీ ఎక్కువకు బిగిస్తే చలికాలంలో పట్టా కుంచించుకుని విరుగుతుంది. 2022 జులై 19న ఇంగ్లండ్‌లో మొదటిసారి 40 డిగ్రీలు దాటినప్పుడు లండన్ కింగ్స్ క్రాస్ నుంచి ఉత్తరానికి వెళ్లే ప్రధాన మార్గాన్ని ఏకంగా మూసేశారు.

ఆకుల సంగతి: తడిసిన ఆకుల మీద చక్రాలు వెళ్తే అవి నలిగి పట్టా మీద నల్లటి, గట్టి, జారుడు పొరగా అతుక్కుంటాయి. చేత్తో గీకితే రాదు. బ్రేకు వేస్తే రైలు జారుతుంది, బయల్దేరేటప్పుడు చక్రం తిరుగుతుంది గానీ రైలు కదలదు. పైగా ఆ పొర వల్ల పట్టాల్లో పారే విద్యుత్తు సరిగా అందక, రైలు ఎక్కడుందో సిగ్నల్ వ్యవస్థకు తెలియకపోవచ్చు. 1,500 బార్ల ఒత్తిడితో నీళ్లు చిమ్మే ప్రత్యేక రైళ్లు తిప్పి, ఇసుక కలిపిన జిగురు పూస్తారు. 2021 అక్టోబర్ 31న సాల్స్‌బరీ దగ్గర రెండు రైళ్లు ఢీకొన్నది ఈ జారుడు వల్లే. అక్టోబర్, నవంబర్‌లలో కొన్ని మార్గాల టైమ్‌టేబుల్ ఒకటి రెండు నిమిషాలు మారుతుంది, రోజూ వెళ్లేవాళ్లు ఒకసారి చూసుకోవాలి.

ఆదివారమే ఎందుకిన్ని రద్దులు?

రెండు కారణాలు. పట్టాల మరమ్మతులు ఎక్కువగా వారాంతాల్లో, సెలవుల్లో చేస్తారు, అప్పుడు రైలు బదులు బస్సు పెడతారు. రెండోది, కొన్ని కంపెనీల్లో డ్రైవర్ల ఒప్పందం ప్రకారం ఆదివారం మామూలు పనిదినం కాదు, ఇష్టమైతే ఓవర్‌టైమ్‌కు వస్తారు. రానివాళ్లు ఎక్కువైతే రైళ్లు తగ్గుతాయి. ఆదివారం విమానం అందుకోవాలంటే శనివారం రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి లైవ్ వేళలు చూడండి.

నిలబడి వచ్చాను, సగం డబ్బు అడగొచ్చా?

లేదు. టికెట్ ప్రయాణానికే, సీటుకు హామీ కాదు. రిజర్వు చేసిన సీటు మీకు దక్కకపోతే మాత్రం ఫిర్యాదు రాయండి.

ఇండియా నుంచి వచ్చిన రెండు పెద్ద సూట్‌కేసులు రైల్లో ఎక్కనిస్తారా?

ఎక్కనిస్తారు. ఒక్కొక్కరికి రెండు పెద్ద సంచులు, ఒక చేతిసంచి ఉచితం. పెద్దది 30, 70, 90 సెంటీమీటర్లకు మించకూడదు. కూలీలుండరు, చిన్న స్టేషన్లలో లిఫ్టు కూడా ఉండదు. పెద్దవాళ్లొస్తుంటే ప్యాసింజర్ అసిస్ట్ సేవకు 2 గంటల ముందు చెబితే వీల్‌చైర్, ఎక్కించే ర్యాంపు ఏర్పాటు చేస్తారు, డబ్బు తీసుకోరు. రైలు తలుపులు బయల్దేరే వేళకు 2 నిమిషాల ముందు కూడా మూసేయొచ్చు. లండన్ యూస్టన్‌లో ప్లాట్‌ఫాం నంబరు ఆలస్యంగా పడి జనమంతా ఒక్కసారి పరిగెత్తడం పేరుమోసిన తంతు, సూట్‌కేసులతో ఉంటే బోర్డు కిందే నిలబడండి.

హీత్రో నుంచి రెడింగ్‌కు ఆయిస్టర్ కార్డుతో వెళ్లొచ్చా?

వెళ్లలేరు. ఆ వైపు ఆయిస్టర్ (లండన్‌లో ముందే డబ్బు వేసుకుని తాకించే కార్డు) వెస్ట్ డ్రేటన్ దాకానే. స్లౌ, రెడింగ్‌లకు కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డు చెల్లుతుంది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అదే కార్డు, ఫోన్‌తో తాకిస్తే అదే ఫోన్. ఇక్కడ కార్డు అక్కడ ఫోన్ అయితే రెండు అసంపూర్తి ప్రయాణాలుగా పడి రెండింటికీ గరిష్ఠ చార్జీ కోస్తుంది. బ్యాంకు కార్డుకు రైల్‌కార్డ్ తగ్గింపు కలపలేరు.

కంపెనీ జవాబివ్వట్లేదు, పైన ఎవరున్నారు?

ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నిర్ణీత గడువులో తేల్చకపోయినా, ఇక ఏమీ చేయలేమని ఉత్తరం రాసినా రైల్ ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. 2018 నవంబర్ నుంచి ఉన్న సేవ, ఉచితం, 2,500 పౌండ్ల దాకా ఇప్పించే అధికారం ఉంది, దాని తీర్పు కంపెనీ పాటించి తీరాలి. పెనాల్టీ ఫేర్ అప్పీళ్లు మాత్రం వాళ్లు చూడరు.

ప్రభుత్వం తీసుకుంటోందిగా, చార్జీలు తగ్గుతాయా?

1993 చట్టంతో ప్రైవేటుకిచ్చిన రైళ్లను ఒప్పందాలు ముగిసేకొద్దీ వెనక్కి తీసుకుంటున్నారు. 2025లో సౌత్ వెస్టర్న్ కంపెనీ మే నెలలో, సీ2సీ జులైలో, గ్రేటర్ ఆంగ్లియా అక్టోబర్‌లో ప్రభుత్వం చేతికి వచ్చాయి. యజమాని మారాడు, రైలు పెట్టెలు, పట్టాలు, సిబ్బంది పాతవే. ప్రభుత్వం నిర్ణయించే చార్జీలు 2025 మార్చిలో 4.6 శాతం పెరిగాయి. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో 2027 మార్చి దాకా పెంచబోమన్నారు, 30 ఏళ్లలో ఇది మొదటిసారి. అడ్వాన్స్ టికెట్ల ధర ఈ హామీ కిందికి రాదు.

డిసెంబర్ 25న హైదరాబాద్ విమానం ఉంది, హీత్రోకు రైలుందా?

లేదు. ఆ రోజు దేశంలో ఎక్కడా రైళ్లు నడవవు, లండన్ ట్యూబ్ కూడా. 24 సాయంత్రం నుంచే తగ్గిపోతాయి, 26న అతి కొద్ది మార్గాల్లోనే ఉంటాయి. విమానాశ్రయానికి దూరప్రాంతపు కోచ్ బస్సులు కొన్ని తిరుగుతాయి, వాటి సీట్లు ముందే అయిపోతాయి. విమానం టికెట్ కొన్న రోజే బస్సు టికెట్ కూడా చూడండి.